పెదబాబు కొట్టెయ్యని పేరు

ఓలేటి పెదబాబు వీధిలోకి వస్తున్నాడంటే మా పేటలో అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు గట్టిగా దగ్గేవారు. దగ్గు వచ్చి కాదు, తాము ఇంకా ఉన్నామని తెలియజెయ్యడానికి. ఆయన చంకలో ఓటర్ల జాబితా ఉండేది, చెవి మీద ఎర్ర పెన్ను ఉండేది. ఆ పెన్నుతో పేరు మీద గీత పడిందంటే ఇక ఆ మనిషి మా పేటలో లేనట్టే.

పెదబాబు మా బూత్‌కి ఒక పార్టీ తరఫు మనిషి. ఏ పార్టీ అని మాత్రం అడక్కండి. నాది జిరాక్స్ షాపు, రెండు పార్టీలవాళ్లూ నా దగ్గరికే వస్తారు.

కాకినాడ హార్బరుకి కూతవేటు దూరంలో ఉంటుంది మా పేట. పాతికేళ్లు బోటు మీద వేటకి వెళ్లిన పెదబాబు, ఒకసారి వల లాగే తాడు మోకాలికి చుట్టుకుని, కాలు చెడి ఒడ్డున పడ్డాడు. ఒడ్డున పడ్డ మగవాడు ఇంట్లో ఎంత అడ్డమో ఆ ఇంటి ఆడవాళ్లకే తెలుస్తుంది. అప్పుడే వార్డు నాయకుడు లోకనాథ్ వచ్చి, “బాబాయ్, మన బూత్ నువ్వు చూసుకో” అన్నాడు. జీతం లేదు. ఒక కండువా, మీటింగు రోజున ఒక బిర్యానీ పొట్లం, అంతే. అయినా పెదబాబు మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గవర్నమెంటు ఉద్యోగంలో చేరినవాడిలా బయల్దేరాడు.

పార్టీ కార్యకర్త అంటే జెండా పట్టుకుని అరిచేవాడనుకుంటారు జనం. అసలు పని అది కాదు. ఏడాదికోసారి జాబితా సవరణకి వచ్చినప్పుడు ఇల్లిల్లూ తిరగాలి. పద్దెనిమిదేళ్లు ఎవరికి నిండాయి, ఎవరు పెళ్లయి వెళ్లారు, ఎవరు తణుకు ఫ్యాక్టరీలో పని దొరికి కుటుంబంతో సహా తరలిపోయారు, ఎవరు పోయారు. పోయినవాళ్ల పేరు జాబితాలో మిగిలిందంటే అవతలి పార్టీవాళ్లు ఆ ఓటు ఎవరిచేతనో వేయిస్తారని ఇవతలివాళ్లకి భయం. ఇవతలివాళ్లు వేయిస్తారని అవతలివాళ్లకి భయం. అందుకని మా పేటలో ఎవరైనా పోతే, పెద్దకర్మ అయ్యీ అవకముందే రెండు పార్టీల మనుషులూ ఫారాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవారు.

ఈ పనిలో పెదబాబుకి ఒక పద్ధతి ఉండేది. చెప్పులు వీధిలోనే విప్పేవాడు. ముఖం దించుకుని పోయినవారి గురించి రెండు మంచి మాటలు చెప్పేవాడు. ఇచ్చిన టీ తాగేవాడు. ఆ తర్వాతే మరణ ధ్రువపత్రం జిరాక్సు సంగతి ఎత్తేవాడు. ఒకసారి గంగయ్య గారు పోయారని విని ఇలాగే వెళ్లి, “మంచి మనిషండి, ఒకర్ని నొప్పించే మాట అనేవారు కాదు” అన్నాడు. లోపల మంచం మీద నుంచి గంగయ్య గారు, “ఇంకోసారి అనరా, సరిగ్గా వినబళ్లేదు” అన్నారు. పోయింది పక్క వీధి గంగయ్య. ఈ గంగయ్య గారి ఇంటి నంబరుతో ఫారం నింపి ఇచ్చింది నేనే కాబట్టి నేను పెద్దగా నవ్వలేకపోయాను.

పెదబాబుకి సంతకం వచ్చు, అంకెలు వచ్చు. అచ్చు అక్షరాలు గబగబా చదవడం రాదు. చదివి పెట్టేది ఆయన భార్య. ఆవిడ పేరు బేబీ. యాభై ఏళ్ల మనిషికి ఆ పేరేంటని మీరు అనుకోవచ్చు. పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాసిన పేరే, తర్వాత మార్చడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. జాబితాలో ‘బేబీ, భర్త పెదబాబు’ అని ఉంటుంది. కొత్తగా వచ్చిన అధికారి ఎవరైనా చూస్తే ఆ ఇంట్లో పెద్దవాళ్లు లేరా అనుకోవాలి.

ఆవిడ ఎండుచేపల గంప అమ్ముకొచ్చి, మధ్యాహ్నం భోజనాలయ్యాక గుమ్మంలో కూర్చుని కళ్లజోడు పెట్టుకుని పేర్లు చదివేది. ఆయన గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుని చెప్పేవాడు: “ఉన్నాడు.” “ఉంది.” “ఆ పిల్లని ఉప్పాడ ఇచ్చారు కదే.” “పోయాడు, కొట్టెయ్.” వాళ్లింటి వరస వచ్చినప్పుడు ఆవిడ గొంతు పెంచేది.

“ఓలేటి బేబీ. ఈవిడ సంగతేంటండి?”

“ఉంటే ఉంది. చేపల పులుసులో ఉప్పు మాత్రం లేదు.”

“అయితే కొట్టెయ్యమంటారా?”

“రేపటి పులుసు చూసి చెప్తాను.”

మా షాపు వాళ్లింటి ఎదురే. మెషిన్ చప్పుడు ఆగినప్పుడల్లా ఈ సంభాషణ వినిపించేది.

మూడేళ్ల కిందట, వానల్లో, ఆవిడకి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజున పోయింది. ధ్రువపత్రం వచ్చాక పెదబాబు మా షాపుకి వచ్చి అయిదు జిరాక్సులు అడిగాడు. బ్యాంకుకి ఒకటి, రేషన్ కార్డుకి ఒకటి, గ్యాసుకి ఒకటి, డ్వాక్రా సంఘానికి ఒకటి. అయిదోది ఓటర్ల జాబితాకే అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. పేటలో అప్పటికి యాభైమంది పేర్లు తీయించిన మనిషి కదా. ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏడాది జాబితా సవరణకి మా వార్డు సచివాలయం నుంచి శ్రీదుర్గ వచ్చింది. మా బూత్ జాబితా చూసే ప్రభుత్వ ఉద్యోగి ఆ అమ్మాయే. ఆమె వెనకాల ఇద్దరు ఏజెంట్లూ తిరుగుతారు, ఈ పార్టీ నుంచి పెదబాబు, ఆ పార్టీ నుంచి తాతాజీ. తాతాజీ, పెదబాబు పదిహేనేళ్లు ఒకే బోటు మీద పనిచేసినవాళ్లు. ఇప్పుడు రోజూ దెబ్బలాడుకుంటారు. దెబ్బలాట అయ్యాక ఒకే టీ కొట్టు దగ్గర కూర్చుంటారు.

పెదబాబు ఇంటి ముందుకి వచ్చేసరికి ముగ్గురూ ఆగారు.

“బాబాయ్ గారూ,” అంది శ్రీదుర్గ మెల్లగా, “పిన్నిగారి ఫారం...”

“సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదమ్మా.”

నేను కౌంటరు వెనక తలదించుకుని లేని కాగితాలు సర్దుకున్నాను. తాతాజీ ఆకాశం కేసి చూసి, “వాన వచ్చేలా ఉంది, పక్కింటికి పదండి” అన్నాడు.

రెండో ఏడాది సర్టిఫికెట్ అత్తవారింట్లో ఉన్న కూతురి దగ్గర ఉండిపోయిందన్నాడు. మూడో ఏడాది శ్రీదుర్గ అడగనే లేదు. ఆయన ఆ పేజీ మీద అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టాడు. తాతాజీ కూడా పెట్టాడు. తాతాజీ ఒక్క అర్జీ పెడితే చాలు, పేరూ పోతుంది, పెదబాబు పరువూ పోతుంది. ఊళ్లో చనిపోయినవాళ్లందర్నీ తీయించి సొంత ఇంట్లో ఒక పేరు దాచుకున్నాడని పేపర్లో కూడా వేస్తారు. తాతాజీ పెట్టలేదు. లోకనాథ్‌కీ తెలుసు. “ఉండనీ బాబాయ్, ఒక్క పేరు వల్ల ఎవరికి నష్టం?” అని భుజం తట్టాడు.

నాకు నోరు ఊరుకోదు. ఒకరోజు షాపులో ఎవరూ లేనప్పుడు వేళాకోళంగా అన్నాను: “ఏంటండి పెదబాబు గారూ, అందరికీ ఒక రూలు, మీ ఇంటికొక రూలా?”

ఆయన కోప్పడలేదు. కౌంటరు మీద గోటితో గీస్తూ చెప్పాడు. “రేషన్ కార్డులో తీసేశారండి. బ్యాంకులో తీసేశారండి. గ్యాసు నా పేరుకి మార్చేశారండి. సంఘంలో ఆవిడ జాగాలో ఇంకొకరు చేరారండి. ఇదొక్కటే ఉందండి.”

ఆ తర్వాత నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అలా మూడు సవరణలు దాటిన పేరు మొన్నటి ఎన్నికల దాకా వచ్చింది. మే నెల, మాడిపోయే ఎండ. వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ రేవులో వరసగా కట్టేసి ఉన్నాయి, మగవాళ్లందరూ పేటలోనే ఉన్నారు. పెదబాబు మోకాలికి గుడ్డ కట్టుకుని ఇంటింటికీ పార్టీ అచ్చువేయించిన ఓటరు స్లిప్పులు పంచాడు. పంచగా మిగిలినవి, ఊళ్లో లేనివాళ్లవి, ఇల్లు తాళం వేసినవాళ్లవి, రబ్బరు బ్యాండు వేసి లోకనాథ్‌కి అప్పగించాడు. అది రివాజు. ఆ కట్టలో బేబీ గారి స్లిప్పు కూడా ఉంది. తీసి దాచుకోవాలన్న ఆలోచన ఆయనకి రాలేదు. ఆవిడ స్లిప్పుతో ఎవరికేం పని అనుకున్నాడు. మూడేళ్లుగా ఆ పేరుని తాతాజీ పార్టీ నుంచి కాపాడుకున్న మనిషి, సొంత పార్టీ సంగతి మర్చిపోయాడు.

పోలింగు రోజున మున్సిపల్ స్కూలు గదిలో ఏజెంట్లు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. పదకొండు గంటలకి నేను మగవాళ్ల లైన్లో గుమ్మం దాకా వచ్చాను. పక్కన ఆడవాళ్ల లైను. నా పక్కన నిలబడ్డావిడకి నలభై ఏళ్లుంటాయి, ముదురాకుపచ్చ చీర, ముఖం కొత్త. పమిటచెంగుతో మాటిమాటికీ చెమట తుడుచుకుంటోంది. ఆవిడ స్లిప్పు ఇచ్చింది. అధికారి నంబరు చూసి, ఏజెంట్లకి వినబడేలా గట్టిగా చదివారు.

“ఓలేటి బేబీ!”

“ఉన్నానండి,” అంది ఆవిడ.

పెదబాబు బల్ల మీద నుంచి లేచాడు. ఎందుకు లేచాడో ఆయనకే తెలిసినట్టు లేదు, కాసేపు అలాగే నిలబడ్డాడు. తాతాజీ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

“కార్డేదమ్మా?” అన్నారు అధికారి. పెద్దాపురం వైపు నుంచి డ్యూటీ మీద వచ్చిన మాస్టారాయన, పొద్దున్నుంచి అరిచి గొంతు పోయి ఉంది.

“మర్చిపోయానండి. జిరాక్సు ఉందండి.”

ఆవిడ తీసిచ్చిన ఆధార్ జిరాక్సు మీద ఫొటో నల్లటి మచ్చలా ఉంది. నా మెషిన్‌లో ఎవరి ఫొటో అయినా అలాగే వస్తుంది. ఎప్పుడో ఇళ్ల స్థలాల దరఖాస్తులకని పార్టీవాళ్లు పేటంతా పోగుచేసిన కాపీల్లో అదొకటి. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

మాస్టారు ఆ కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. “ఇందులో ఆడో మగో కూడా తెలీడం లేదు. మీ ఆయన పేరేంటి?”

“పెదబాబండి.”

“ఆయన రాలేదా? ఎక్కడున్నాడు?”

ఆవిడకి ఎవరో చెప్పిన పాఠం అక్కడిదాకానే ఉన్నట్టుంది. ఒక్క క్షణం తడబడి, మత్స్యకారుల పేట కదా అని తోచింది చెప్పేసింది. “వేటకెళ్లాడండి. బోటు మీద.”

రెండు లైన్లూ గొల్లున నవ్వాయి. వేట నిషేధం రోజుల్లో సముద్రం మీదకి ఒక్క బోటు కదలదని మా పేటలో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. “ఏ సముద్రం మీదకమ్మా?” అన్నాడొకడు. “కోస్ట్ గార్డుకి ఫోన్ చెయ్యండ్రా, పెదబాబు దొరుకుతాడు!” అంది వెనక నుంచి ఒకావిడ. తీరా వాళ్లు చూసేసరికి పెదబాబు గోడవారగా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోతూ వచ్చింది.

మాస్టారికి ఇదేమీ తెలీదు. ఏజెంట్ల వైపు తిరిగారు. “ఏమయ్యా, ఈవిడ ఈ పేటావిడేనా? ఎవరైనా గుర్తుపడతారా?”

ఆ మాట చెప్పడానికి తాతాజీకి హక్కుంది. దొంగ ఓటు పెదబాబు పార్టీది, ఆపాల్సింది తాతాజీయే. ఆయన పెన్ను మూత పెట్టి, పెదబాబు చెవి దగ్గరికి వంగాడు. గుమ్మంలో ఉన్న నాకు వినపడింది.

“ఒరేయ్, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

పెదబాబు అవునంటే ఆ ఓటు పడిపోతుంది. పేరు పక్కన టిక్కు పడుతుంది. ఓటేసిన మనిషి పేరు ఇక ఎవరూ తీయించలేరు, ఇంకో అయిదేళ్లు నిశ్చింత. తల ఊపితే చాలు. ఆయన ఆ ఆకుపచ్చ చీర మనిషిని పాదాల నుంచి పైదాకా చూశాడు. ఆవిడ ఆయన్ని చూడలేదు. ఆవిడ సిరా సీసా కేసి చూస్తోంది.

“కాదండి,” అన్నాడు.

“ఏం కాదు?”

“ఈవిడ బేబీ కాదండి.”

“నీకెలా తెలుసు? బేబీ ఎవరు నీకు?”

“నా భార్యండి.”

మాస్టారు కళ్లజోడు తీశారు. “అయితే నీ భార్యని పిలిపించు. చూస్తాం.”

“లేదండి.”

“ఊళ్లో లేదా?”

“లేదండి,” అన్నాడు మళ్లీ.

“పోయిందండి,” అన్నాడు తాతాజీ. “మూడేళ్లయిందండి. నేను మోశానండి.”

మాస్టారు జాబితా కేసి, పెదబాబు మెడలో ఏజెంటు బిళ్ల కేసి చూశారు. “పోయిన మనిషి పేరు జాబితాలో ఎలా ఉందయ్యా? తీయించాల్సిన వాడివి నువ్వేగా?”

“నేనే ఉంచానండి,” అన్నాడు పెదబాబు. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని మాట, నూటయాభై మంది నిలబడ్డ లైన్ల ముందు చెప్పాడు.

నియమం ప్రకారం ఓటుని ఛాలెంజ్ చెయ్యాలంటే ఏజెంటు రెండు రూపాయలు కట్టాలి. పెదబాబు జేబులు తడుముకున్నాడు. టీకి తెచ్చుకున్న యాభై కాగితం దొరికింది. మాస్టారు దగ్గర చిల్లర లేదు. తాతాజీ తన జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి బల్ల మీద పెట్టాడు. ఒక పార్టీ పెట్టించిన దొంగ ఓటుని అదే పార్టీ ఏజెంటు ఆపితే, అందుకు కట్టవలసింది అవతలి పార్టీ ఏజెంటు కట్టాడు. మరో రోజైతే మా పేట ఏడాదిపాటు చెప్పుకుని నవ్వేది.

ఆకుపచ్చ చీరావిడ అప్పటికే ఏడుస్తోంది. “రమ్మంటే వచ్చానండి, నాకేం తెలీదండి.” పెదబాబు లేచి, “ఆవిడనేమీ అనకండి బాబూ” అన్నాడు. కానిస్టేబుల్ ఆవిడని బయటికి తీసుకెళ్లాడు. గుమ్మం దాటుతూ ఆవిడ ఆగి, “మీరా అండి పెదబాబు గారు?” అంది. ఆయన అవునని తలూపాడు. ఆవిడ పమిటచెంగుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయింది.

నా వంతు వచ్చి ఓటేశాను. ఏ గుర్తు నొక్కానో గుర్తు లేదంటే నమ్మండి.

సాయంత్రం స్కూలు బయట లోకనాథ్ కండువా తీసి దులుపుతూ నిలబడ్డాడు. “పార్టీ పరువు బజారున పెట్టావు బాబాయ్. ఒక్క ఓటు కోసం.”

“ఒక్క ఓటు కోసం నువ్వు పంపావుగా బాబూ,” అన్నాడు పెదబాబు. కోపంగా కాదు. ఏజెంటు బిళ్ల, జాబితా, ఎర్ర పెన్ను లోకనాథ్ చేతిలో పెట్టి, కుంటుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు. కౌంటింగులో మా బూత్‌లో ఎవరికెన్ని వచ్చాయో కూడా ఆయన అడగలేదు. రెండు నెలలు వీధిలోకి రాలేదు. లోకనాథ్ ఇంకొకర్ని పెట్టుకున్నాడు.

ఎన్నికల హడావుడి తగ్గి, సచివాలయంలో మళ్లీ ఫారాలు తీసుకోవడం మొదలయ్యాక ఒక ఉదయం పెదబాబు మా షాపులోకి వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు. మడతల దగ్గర చిరిగింది. “ఫారం ఒకటి నింపండి” అన్నాడు. నింపాను. పేరు, వయసు, ఇంటి నంబరు ఆయన్ని చెప్పమనకుండా నేనే రాసేశాను. కారణం అన్న చోట రాయబోతుంటే ఆయన బయటికి వెళ్లి నిలబడ్డాడు. వచ్చి సంతకం పెట్టాడు. జిరాక్సుకి డబ్బులివ్వబోతే నేను చూడనట్టు మెషిన్ మూత తీసి లోపలికి చూస్తూ కూర్చున్నాను.

శ్రీదుర్గ ఫారం తీసుకుని నియమం చెప్పిందట. తొలగించబోయే పేరుని ఏడు రోజులు సచివాలయం నోటీసు బోర్డులో పెట్టాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి చెప్పుకోవచ్చు. ఇన్నేళ్లలో అరవై మూడు ఫారాలు ఇచ్చాడు కానీ ఆ బోర్డు దగ్గర పెదబాబు ఎప్పుడూ నిలబడలేదు. ఇప్పుడు రోజూ వెళ్లాడు. పదింటికి వెళ్లి, బోర్డు ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చుని, భోజనాల వేళకి ఇంటికొచ్చేవాడు. మూడో రోజున నేను కరెంటు బిల్లు పనిమీద వెళ్తే కనిపించాడు. పక్కన తాతాజీ కూర్చుని ఉన్నాడు. బోర్డు మీద పింఛన్ల జాబితా, కుళాయి నీళ్ల వేళలు, వాటి కింద అర కాగితం మీద ఆవిడ పేరు.

ఏడో రోజు సాయంత్రం శ్రీదుర్గ ఆ కాగితం తీయడానికి వచ్చింది.

“ఎవరైనా వచ్చారామ్మా?” అన్నాడు పెదబాబు.

“ఎవరొస్తారు బాబాయ్ గారూ.”

గుండుపిన్ను మొండికేసింది. ఆ అమ్మాయి గోరుతో పీకలేకపోతుంటే ఆయన లేచి, నెమ్మదిగా, కాగితం చిరక్కుండా, తనే తీసి ఇచ్చాడు.